నలభై నిమిషాల సముద్రం

విశాఖపట్నం నుంచి డర్బన్‌కి సముద్రం మీదుగా ఏడువేల ఏడువందల కిలోమీటర్లు. మామూలు విమానం ఎక్కడా దిగకుండా ఎగిరినా ఒక పగలంతా పడుతుంది. మడత విమానం నలభై నిమిషాల్లో దింపేస్తుంది. ఈ సంగతంతా టిక్కెట్టు వెనకాల ముద్దుగా అచ్చువేసి ఉంటుంది. మిగిలిన కాలమంతా ఏమైపోయిందన్నది మాత్రం భూతద్దం పెట్టి వెతికినా కనబడదు. ఏమవుతుందండీ, మైలపల్లి పైడితల్లి తల మీద తెల్లవెంట్రుకలై కూర్చుంది.

ఆధార్ కార్డు ప్రకారం ఆవిడకి ముప్పై ఎనిమిదేళ్ళు. మోకాళ్ళని అడిగితే యాభై రెండంటాయి. రెండూ నిజమే.

మొదట్లో ఇదంతా భీమిలి రోడ్డు పక్కన ఒక రేకుల షెడ్డులో, కమలాకరం గారనే శాస్త్రవేత్త ప్రయోగశాలలో, పదిమంది మధ్య జరిగిన పని. తీరం దాటగానే విమానం చుట్టూ కాలాన్ని మడతపెట్టవచ్చనీ, బయట గడియారం నలభై నిమిషాలు తిరిగేలోపు లోపల పన్నెండు రోజులు నడుస్తాయనీ ఆయన కాగితం మీద తేల్చారు. కాగితం మీద అంతా బాగానే ఉంది. మనుషులు లేకుండా పంపిన రెండు బుల్లి విమానాలూ మడతలోకి పోయి మళ్ళీ కనబడలేదు. మూడోదాంట్లో, ఏ బుద్ధి పుట్టిందో, పంజరంలో రామచిలకని పెట్టి పంపారు. అది తిరిగొచ్చింది.

"లోపల ప్రాణమున్నది ఏదో ఒకటి ఆ రోజుల్ని గడపాలి. ఎవరూ గడపకపోతే మడత విప్పుకోదు," అన్నారు కమలాకరం గారు, చిలకకి జామకాయ ముక్క పెడుతూ. "ప్రయాణికుల్ని మందిచ్చి నిలుపు నిద్రలో పడుకోబెడదాం. ఆకలి ఉండదు, గోరు పెరగదు. ఒక్క మనిషి మామూలుగా తింటూ, పడుకుంటూ, లేస్తూ ఉంటే చాలు. ఇద్దరుంటే రోజులు రెట్టింపవుతాయి. కాబట్టి ఒక్కరే ఉండాలి."

ఆ ఒక్కరూ ఎవరని ఎవరూ అడగలేదు. అందరూ చిలక వంకే చూశారు. అక్కడ మీటర్లు బిగించే పనిలో ఉన్న పైడితల్లే చేతులు తుడుచుకుంటూ అంది: "నానెల్తాను సార్. మా ఇళ్ళల్లో మగోళ్ళు నెలకి ఇరవై రోజులు చేపల ఏటమీదే ఉండీవోరు. సముద్రం మీద ఒంటరిగా ఉండడం మాకేటి కొత్త?"

ఆమె వెళ్ళి, పన్నెండు రోజులు గడిపి, తిరిగొచ్చి తలుపు తీసేసరికి అందరూ నిలబడ్డచోటే నిలబడి ఉన్నారు. కమలాకరం గారు చేతిలోని రెండో టీ ఇంకా సగమే తాగారు. ఒకరు గడియారం రీడింగ్ అడిగారు, ఒకరు రక్తపోటు చూడబోయారు. "ఉండండయ్యా, ముందు ఎవరైనా ఏదైనా మాటాడండి," అని ఆమె మెట్టు మీద కూలబడింది. ఏం మాట్లాడాలో తెలియక ఒకాయన క్రికెట్ స్కోరు చెప్పాడు. ఆమె కళ్ళు మూసుకుని విన్నది.

అలా కావలి అనే ఉద్యోగం పుట్టింది. ఆ తర్వాత కంపెనీ వచ్చింది, పెద్ద విమానాలు వచ్చాయి, గుండె మార్పిడికి వెళ్ళే పసిపిల్లలు వచ్చారు, పెళ్ళిళ్ళకి ఆలస్యమైనవాళ్ళు వచ్చారు. కావలికి వచ్చినవాళ్ళలో చాలామంది సముద్రం మీద మొదటి దాటుకే మతి చెదిరి మానేశారు. నిలబడింది ఆరుగురు. వాళ్ళకింకో చిక్కు కూడా ఉంది. నాలుగైదు దాటులు కావలి చేసిన ఒంటికి నిలుపు నిద్ర మందు ఇక పట్టదు. ఎప్పుడు మడత విమానం ఎక్కినా మేలుకునే దాటాలి.

వారానికోసారి పైడితల్లి పొద్దున్నే టిఫిను తిని వెళ్ళేది. పోవడానికి పన్నెండు, రావడానికి పన్నెండు రోజులు ఒంటరిగా గడిపి, మధ్యాహ్నం భోజనం వేళకి ఇంటికొచ్చేది. పొట్లాల్లో ఎండబెట్టిన తిండి తిని తిని నాలుక మొద్దుబారిపోయేది. దానికంటే పెద్ద తంటా ఇంట్లో. వాళ్ళకి పొద్దున జరిగింది ఆవిడకి పోయిన నెలలో జరిగింది.

ఆ తంటాకి మందు కనిపెట్టింది మాత్రం కమలాకరం గారు కాదు, ఆవిడ మొగుడు దానయ్య. చేపలరేవులో పడవ ఇంజన్లు బాగుచేసే మనిషి. కంపెనీ బస్సు దిగేచోట చేతులు లుంగీకి తుడుచుకుంటూ నిలబడేవాడు. అక్కడినుంచి ఇంటిదాకా నడుస్తూ పొద్దుటి సంగతులన్నీ ఆవిడకి అప్పజెప్పేవాడు.

"పొద్దున్న మూడిడ్లీలు తిన్నావు. నాలుగోది పిల్ల కంచంలో ఏసీసేవు. ముత్యం నీమీద అలిగింది."

"ఎందుకూ?"

"కాలేజీవోళ్ళతో అరకు ఎల్తానంది. నువ్వొద్దన్నావు."

"నేనా? ఎందుకొద్దన్నాను?"

"నాకేటి తెల్సు తల్లీ. నువ్వే అన్నావు, నువ్వే గుర్తుతెచ్చుకో. పెద్దదానివి, నీ మాట నాను కాదంటానా?"

పెళ్ళినాటికి ఆవిడకంటే అయిదేళ్ళు పెద్దవాడతను. ఇప్పుడావిడే తొమ్మిదేళ్ళు పెద్దదైంది. ఆ ముక్క పట్టుకుని అతను రోజూ ఏడిపించేవాడు, ఆవిడ వీపు మీద ఒకటిచ్చేది. ఇల్లు చేరేసరికి ఆ నెల్లాళ్ళ మౌనం చాలావరకు దిగిపోయేది. గుమ్మంలో అడుగుపెడుతూనే, "ఏమే ముత్యం, అరకు గోల ఇంకా అవలేదా?" అనేది, పొద్దుటి కోపం ఇంకా ఆరనట్టే. పదహారేళ్ళ కూతురు ముత్యం మూతి ముడుచుకునేది. తల్లి నెల్లాళ్ళు ఎక్కడికో పోయి వచ్చిందన్నది ఆ పిల్లకి తెలిసీ తెలియనట్టుండేది. అదే దానయ్యకి కావలసింది.

ఆ గురువారం కూడా పైడితల్లి ఎప్పట్లాగే వెళ్ళింది. దానయ్య అప్పుడే స్నానం చేసి, లుంగీ తడిపి పెరట్లో తీగ మీద ఆరేస్తున్నాడు. "వంజరం తెస్తాను. పులుసెట్టి ఉంచుతాను, బేగి రా," అన్నాడు. "నలభై నిమిషాల పనే గదా," అని ఆవిడ నవ్వింది. పన్నెండు రోజుల తర్వాత డర్బన్‌లో దిగినప్పుడు ఆవిడకి ఆ పులుసే గుర్తుంది.

డర్బన్ స్టేషను చూసేది డెల్లా నాయుడు అనే ఆవిడ. వాళ్ళ ముత్తాతలు చెరుకుతోటల్లో పనికి ఓడలో వెళ్ళినవాళ్ళు. అరిగిపోయిన తెలుగు నాలుగు ముక్కలు ఆవిడ నోట్లో ఇంకా మిగిలున్నాయి. ఎప్పుడూ విమానం దగ్గరికే వచ్చి పలకరించే మనిషి, ఆ రోజు గదిలోకి పిలిచి తలుపు వేసింది.

"పైడీ, కూసో. ఇంటికాణ్ణించి ఫోను. మంచి మాట కాదు."

ఫోనులో ముందు ముత్యం ఊపిరే వినబడింది. తర్వాత మాటలు ముక్కలుముక్కలుగా వచ్చాయి. నాన్న షెడ్డులో ఇంజను ఎత్తబోయి కూలబడ్డాడట. ఆటోలో ఆస్పత్రికి తీసుకెళ్ళేలోపే అయిపోయిందట.

"అమ్మా, నాకు భయమేస్తంది. ఇంటినిండా జనాలు. అందరూ నన్నే పట్టుకుని ఏడుస్తన్నారు. బేగి రా అమ్మా. బేగి రా."

"వచ్చేస్తన్నాను. వచ్చేస్తన్నానే తల్లీ," అంది పైడితల్లి. ఫోను పెట్టేసింది.

డెల్లా నీళ్ళ గ్లాసు చేతికిచ్చి పక్కనే కూర్చుంది. "మడతలో పోవద్దు," అంది. "రాత్రికి మామూలు విమానం ఉంది. రెండు చోట్ల మారాల. రేపు మద్యాన్నానికి ఇంటికాడుంటావు. అందులో నీ పక్కన మనుసులుంటారు. ఏడిస్తే ఎవరో ఒకరు బుజం మీద చెయ్యేస్తారు. అంతవరకూ ఆయన్ని ఉంచుతారు గదా, మంచు పెట్టి."

"రేపటిదాకా పిల్ల ఒక్కర్తే ఉండాలి."

"పన్నెండు దినాలు నువ్వొక్కదానివే ఉండాల పైడీ. నీకు మందు పట్టదు. నేను తోడొస్తే ఇరవై నాలుగు అవుతాయి." డెల్లా గ్లాసు తిరిగి తీసుకుంది. "మా ముత్తవ్వ చెప్పేదంట. ఓడలో అందరూ ఏడ్చేవోళ్ళంట, దినాలకి దినాలు. ఒడ్డు దిగేతలికి ఎవరికీ ఏడుపు లేదంట. ఊరుపేరు అడిగితే తాపీగా చెప్పినారంట."

పైడితల్లికి అది సరిగా వినబడలేదు. ఆవిడ చెవిలో ఒక్క మాటే ఉంది. పిల్ల బేగి రమ్మంది. చేతిలో నలభై నిమిషాల దారి పెట్టుకుని, రేపటిదాకా కన్నకూతుర్ని శవం పక్కన కూర్చోబెట్టే తల్లి ఉంటుందా? ఏ తల్లిని అడిగినా ఇదే అంటుంది. ఆవిడ లేచి మొహం కడుక్కుని విమానం ఎక్కింది.

తలుపులు మూసుకున్నాయి. తీరం దాటగానే కిటికీల అవతల సముద్రమూ ఆకాశమూ పోయి బూడిదరంగు మిగిలింది. మడత పడిందన్న గుర్తుగా దీపం వెలిగింది. ఇక ఇటునుంచి ఒక్క మాట అటు పోదు, అటునుంచి ఒక్క మాట ఇటు రాదు.

మొదటిరోజు గొంతు పోయేదాకా అరిచింది. నూట ఎనభై మంది వరసగా పడుకుని ఉన్నారు, ఒక్కరూ కదల్లేదు. మూడో వరసలో తన తల్లి వయసున్న ఒకామె ఉంది. పైడితల్లి నేల మీద కూర్చుని, ఆవిడ చెయ్యి తీసి తన తల మీద పెట్టుకుంది. చెయ్యి ఒక క్షణం ఉండి జారిపోయింది. మళ్ళీ పెట్టుకుంది. మళ్ళీ జారిపోయింది. అయ్యో, ఆ నూట ఎనభై మందిలో ఒక్కరికి మెలకువ వచ్చి "ఊరుకోమ్మా" అని ఉంటే ఈ కథ వేరేగా ఉండేది.

మూడోరోజు చిన్నదినమని గుర్తొచ్చింది. పొట్లంలో అన్నం వేణ్ణీళ్ళతో తడిపి, మూతలో పెట్టి కిటికీ దగ్గర ఉంచింది. పిట్టకి పెట్టాలి కదా. అక్కడ పిట్టెక్కడిది? మర్నాడు ఆ అన్నం అలాగే ఉంటే తీసి చెత్తడబ్బాలో వేసింది. అయిదోరోజు దానయ్య మీద కోపం వచ్చింది. "ఇంజను ఎత్తడానికి కుర్రోళ్ళు లేరా? నీకేటి తొందరొచ్చింది?" అని పగలంతా తిట్టింది. ఏడోరోజు అతని గొంతు గుర్తుతెచ్చుకోబోతే సరిగా రాలేదు. నవ్వు వచ్చింది, మాట రాలేదు. దాంతో మళ్ళీ ఏడ్చింది. ఎనిమిదోరోజు తెలియకుండా రాత్రంతా నిద్రపోయింది.

పదకొండోరోజు వచ్చింది.

వాళ్ళ జాలరి పేటలో పదకొండోరోజు పెద్దదినం. పెద్దాడవాళ్ళంతా కూర్చుని భార్యకి తలంటిపోసి కాలి మెట్టెలు తీస్తారు. ఈ రోజుల్లో చాలా ఇళ్ళల్లో మానేశారుగానీ అక్కడింకా మానలేదు. విమానంలో మెడలో లోహం ఉండకూడదని కంపెనీ రూలు. పుస్తెలు ఇంట్లో దేవుడి గూట్లోనే ఉంటాయి. వెండిమెట్టెలు మాత్రం పైడితల్లి దెబ్బలాడి ఉంచుకుంది. కావలి ఉన్నన్నాళ్ళూ ఆవిడకి పెళ్ళి గుర్తు అవొక్కటే. తాగే నీళ్ళలో మిగిల్చినవాటితో ఆవిడ తలస్నానం చేసింది. కాళ్ళు చాపుకుని కూర్చుని మెట్టెలు చూసుకుంది. పదకొండు రోజులు నిండాయి. తీసేవాళ్ళెవరూ లేరు. ఆపేవాళ్ళూ లేరు. తనే తీసుకుంది. సబ్బు రాసి, గుండె రాయి చేసుకుని తీసి, మాత్రల డబ్బాలో వేసింది. ఒక పని పూర్తయినట్టుగా ఆవిడకి కాస్త నిమ్మళం కూడా కలిగింది.

పన్నెండోరోజు పడుకున్నవాళ్ళ మందు గొట్టాలు సరిచూస్తూ ఏదో కూనిరాగం తీసింది. రెండు వరసలు పోయాక తన గొంతు తనకే వినబడి ఆగిపోయింది. ఆ తర్వాత పనంతా నోరు మూసుకుని చేసింది.

విశాఖలో గడియారం నలభై నిమిషాలు నడిచింది.

వీధి మొగలోనే షామియానా కడుతున్నారు. మంచుగడ్డల బండి అప్పుడే వచ్చినట్టుంది, రంపపుపొట్టు నేలంతా రాలింది. కంపెనీ కారు దిగి నడుస్తుంటే పైడితల్లికి దారి పొడుగునా మనుషులు పక్కకి తప్పుకున్నారు. బస్సు దిగేచోట నిలబడే మనిషి లేడు. పొద్దున ఏం జరిగిందో ఆవిడకి ఎవరూ అప్పజెప్పలేదు.

ముందుగా దానయ్య అక్క ఎర్రయ్యమ్మ పరుగున వచ్చి మెడకి చుట్టుకుంది. "ఓలమ్మో పైడీ, నా తమ్ముడు ఎల్లిపోనాడే! ఇంజనెత్తిన సేతులే, నిన్నెత్తుకున్న సేతులే..." అంటూ రాగం ఎత్తింది. ఆ పేటలో ఒకరు రాగమెత్తితే రెండోవాళ్ళు అందుకోవాలి. పైడితల్లి అందుకోలేదు. ఆవిడ దగ్గర ఆ మాటలన్నీ అయిపోయాయి. పన్నెండు రోజుల క్రితం ఇంతకంటే ఎక్కువే అంది, నూట ఎనభై మంది ముందు. ఇప్పుడు ఎర్రయ్యమ్మ వీపు నిమురుతూ, "ఊరుకో వదినా. ఎంత ఏడ్చినా తిరిగొస్తాడా?" అంది. వచ్చినవాళ్ళకి కాఫీలు పెట్టారా అని కూడా అడిగింది.

చుట్టూ ఉన్న ఆడవాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. పరామర్శకి వచ్చిన చుట్టం ఇలా మాట్లాడుతుంది. పెళ్ళాం మాట్లాడదు.

పైడితల్లి బల్ల దగ్గరికి వెళ్ళి మొగుడి మొహం చూసింది. గడ్డం పొద్దున గీసుకున్నట్టుంది, నున్నగా ఉంది. ఆవిడకి జాలేసింది. అంతే. పాపం, ఎంత మంచివాడో అనిపించింది. ఆ అనిపించడం చూసి ఆవిడకే భయం పుట్టింది.

ఆ రోజు భార్యని ఆఖరుసారి పసుపుతో ముస్తాబు చెయ్యాలి. ఒకావిడ పసుపుగిన్నె తెచ్చింది. ఎర్రయ్యమ్మ ముక్కు చీదుతూనే కింద కూర్చుని మరదలి పాదం ఒళ్ళోకి తీసుకుంది. తీసుకుని అలాగే ఉండిపోయింది.

"మెట్టెలేవే?"

పైడితల్లి పాదం వెనక్కి లాక్కోబోయింది.

"నిన్నే! మెట్టెలేవీ?"

"తీసీసేను వదినా. పెద్దదినం అయిపోయింది. నాకు..."

"పెద్దదినమా!" ఎర్రయ్యమ్మ పాదాన్ని నిప్పు ముట్టుకున్నట్టు వదిలేసింది. "మనిషిని ఇంకా గడప దాటించనేలేదే! మంచు కరగలేదే! పెద్దదినం సేసీసుకున్నావా? ఓలమ్మో, నా తమ్ముడు ఇంట్లో ఉండగానే దీనికి మొగుడు అక్కర్లేకపోనాడు!"

ఆ అరుపుకి వీధంతా గుమ్మంలోకి వచ్చింది. వెనకగదిలోంచి ముత్యం వచ్చింది. జుట్టు విరబోసుకుని, మొహం ఉబ్బి ఉంది. తల్లి కాళ్ళ వంక చూసింది, మొహం వంక చూసింది. ఒక్క మాట అనకుండా వెనక్కి తిరిగి పెరట్లోకి వెళ్ళిపోయింది.

పైడితల్లి వెనకాలే వెళ్ళబోతుంటే చేతిలో ఫోను మోగింది. కంపెనీ వాళ్ళ కబురు. మీ దుఃఖంలో పాలుపంచుకుంటున్నాం. ఇటువంటి సందర్భంలో మీకు పన్నెండు రోజుల సెలవు ఉంది. తిరుగుప్రయాణంలో ఆ పన్నెండు రోజులు పూర్తయ్యాయి కనుక వచ్చే గురువారం యథాప్రకారం డ్యూటీకి హాజరు కాగలరు. డ్యూటీ రాసుకునేటప్పుడు నలభై నిమిషాలు, సెలవు రాసుకునేటప్పుడు పన్నెండు రోజులు. ఆ తెలివికి వీరతాళ్ళు వెయ్యాలి.

పెరట్లో ముత్యం గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. తీగ మీద దానయ్య లుంగీ వేలాడుతోంది. అంచు ఇంకా తడిగానే ఉంది. కింద మట్టి అంతమేరా నల్లగా తడిసి ఉంది. పైడితల్లి చెయ్యి చాపి లుంగీ పట్టుకుంది. చల్లగా, బరువుగా ఉంది.

"గట్టిగా పిండలేదు నాన్న," అంది ముత్యం తలెత్తకుండా. "ఎప్పుడూ అంతే. వంటింట్లో పులుసుంది. ఇంకా వేడిగానే ఉంది. అమ్మ నెలరోజుల ఆకలితో వస్తాది, ముక్కలు నువ్వు తినీయకు అన్నాడు నాతో."

పైడితల్లి లుంగీ వదల్లేదు.

"అత్త అన్నది నిజమేనా?"

"మెట్టెలు తీసిన మాట నిజం. అక్కర్లేక తియ్యలేదే. పదకొండు రోజులయ్యాయనుకున్నాను. నాకు అయ్యాయి. ఒక్కదాన్నే చాలా ఏడ్చేను ముత్యం. నువ్వు బేగి రమ్మన్నావని..."

"నువ్వు రాలేదు." ముత్యం తల ఎత్తింది. "అందరూ అంటన్నారు, మీ అమ్మ వచ్చీసింది, మీ అమ్మ వచ్చీసిందని. నేను పరిగెట్టుకొచ్చి చూసేను. ఎవరో వచ్చింది. మా అమ్మైతే నన్ను పట్టుకుని ఏడుస్తాది. నువ్వు కాఫీలు పెట్టేరా అంటన్నావు."

డర్బన్‌లో రాత్రి విమానానికి ఆగి ఉంటే పైడితల్లి ఇంకా అక్కడే ఉండేది, డెల్లా భుజం మీద తలపెట్టుకుని. రేపు మధ్యాహ్నం వచ్చి పిల్లని పట్టుకుని కుప్పకూలేది. ఆలస్యంగా వచ్చేది, కానీ వచ్చేది.

"నాన్న పోయి మూడు గంటలవలేదు," అంది ముత్యం. "నీకు అయిపోయింది. నాకు అన్ని రోజులూ ఉన్నాయి. నేనొక్కదాన్నే ఏడవాలా అమ్మా? నాకు ఎవరున్నారు?"

మూడో వరసలో ఆడమనిషి చెయ్యి జారిపోవడం పైడితల్లికి గుర్తొచ్చింది. ఇప్పుడు తను ఆ చెయ్యి. ఆ నూట ఎనభై మందిలో తనూ ఒకతె అయి, కన్నకూతురి పక్కన కళ్ళు మూసుకుని పడుకుంది.

ఫోను గోడ మీద పెట్టింది. జేబులోంచి మాత్రల డబ్బా తీసి, మూత తిప్పి, మెట్టెలు రెండూ పిల్ల అరచేతిలో పోసింది. మట్టిలో కూర్చుని కాళ్ళు చాపింది.

"పెట్టు."

"ఏటి?"

"మీ నాన్న ఇంకా ఇంట్లోనే ఉన్నాడు. పెట్టవే. నాకు మొదట్నించీ రావాలి, నీతో. దారి తెలీడం లేదు. నువ్వే తీసుకెళ్ళు."

ముత్యం ముక్కు తుడుచుకుని ముందుకి వంగింది. కుడికాలి మెట్టె వేలి కణుపు దగ్గర ఆగిపోయింది. నిన్నటిదాకా ఏళ్ళ తరబడి వేలితోపాటే ఉన్నది కదా, వేలు లావెక్కినా తెలియలేదు. ఒకసారి తీశాక మళ్ళీ ఎక్కనంటోంది. ముత్యం తిప్పింది, నొక్కింది, రాలేదు. "నొప్పి పుడతందా?" అంది.

"పుట్టనీ. నొక్కు."

ముత్యం పళ్ళ బిగువున నొక్కింది. చర్మం దోక్కుపోయి మెట్టె కణుపు దాటి కూర్చుంది. "అబ్బా!" అంది పైడితల్లి. ఆ నొప్పి కాలినుంచి సూటిగా ఎక్కడికో పోయి తగిలింది. కిందటి రోజు తనే తీసిన పెళ్ళి మళ్ళీ ఒంటి మీదికొచ్చింది. ఆవిడకి మొగుడున్నాడు. నాలుగు గజాల అవతల బల్ల మీద ఉన్నాడు, గడ్డం గీసుకుని, పులుసు పెట్టి, లుంగీ సరిగా పిండకుండా పోయాడు.

"నా దానయ్య ఏడే?" అంది పిల్లతో, చిన్న గొంతుతో, నిజంగానే అడుగుతున్నట్టు. "ఏడే ముత్యం? పొద్దున్న బాగానే ఉన్నాడు గదే!"

"అమ్మా..."

"పొద్దున్న బాగానే ఉన్నాడు గదే!" అని ఈసారి అరిచింది. ఆ అరుపు ఇల్లు దాటి వీధిలోకి పోయింది. షామియానా తాళ్ళు కడుతున్నవాళ్ళు ఆగిపోయారు. ముత్యం రెండో మెట్టె చేతిలో ఉండగానే తల్లి మీద పడింది. ఇద్దరూ ఒకళ్ళ మెడ ఒకళ్ళు పట్టుకుని, ఏ మాట ఎవరిదో తెలియకుండా ఏడ్చారు.

ఎర్రయ్యమ్మ పెరటి గుమ్మందాకా వచ్చి నిలబడింది. ఆపబోయిన ఆడవాళ్ళని చెయ్యి అడ్డంపెట్టి వెనక్కి నెట్టింది. "ఏడవనీండి. ఇప్పుడొచ్చింది మనిషి," అంది.

గోడ మీద ఫోను రెండుసార్లు మోగి ఆగిపోయింది. పెద్దదినానికి ఇంకా పది రోజులుంది.